వెనకవైపు లేని ఓడ

ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను చేసిన మోడళ్లలో ఒకటి తప్ప దేనికీ వెనకవైపు లేదు.

ఇది గొప్పకు చెప్పడం లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు నన్ను కూర్చోబెట్టి, "మీ రోజుల్లో పని ఎంత శ్రద్ధగా ఉండేదో కదండీ!" అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాళ్లు దురద పెడతాయి. ఉన్నమాట చెప్పేస్తే ఆ దురదైనా తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

మాది కాలువలు, లాకులు, తూములు చూసుకునే ప్రభుత్వ ఆఫీసు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జీకీ, హోల్‌సేల్ మందుల షాపుకీ మధ్య సందులోంచి లోపలికి రావాలి. వెనక పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉండేది. దాన్ని మోడల్ రూము అనేవాళ్లు. ఎక్కడ ఎగ్జిబిషన్ పెట్టినా మా శాఖ స్టాల్‌కి చెక్కతో, ప్లాస్టర్‌తో బ్యారేజీలూ తూములూ చేసి పంపడం మా పని. స్టాల్‌లో టేబుల్ ఎప్పుడూ గోడకి ఆనించే ఉంటుంది. కాబట్టి మోడల్‌కి ముందువైపే నీలం నీళ్లు, రంపపు పొట్టుకి రంగేసిన పచ్చగడ్డి, తెల్లటి రెయిలింగులు. వెనకవైపు పచ్చి చెక్క, పొడుచుకొచ్చిన మేకులు, ఒక్కోసారి పాత క్యాలెండర్ అట్ట. "గోడ వైపు ఎవడు చూస్తాడు గురువుగారూ?" అనేది మా మేస్త్రీ వేదవాక్యం. నేనూ దాన్ని ఇరవై ఏళ్లు భక్తిగా పాటించాను.

ఆ షెడ్డులో మేం ముగ్గురం. నేను మోడలర్ని. మేస్త్రీ వడ్రంగి, తలుపులు, బీరువాలు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. పనిలో ఎక్కడ సందు కనిపించినా లప్పం పెట్టి కప్పేసేవాడు. ఆయన ఇంట్లో గొడవలు కూడా అలాగే సర్దుకుంటాడని నా అనుమానం. మూడో మనిషి అటెండరమ్మ. నాగాయలంక వైపు సముద్రం మీద బతికే కుటుంబం ఆమెది. వాళ్ల నాన్న పడవలు కట్టే పెద్ద మేస్త్రీ. ఆమె మాకు టీ ఇచ్చేది, జిగురు కాచేది, మా ఇద్దరి మధ్యా తగవు వస్తే తీర్చేది.

ఇక నాలుగో మనిషి మా గదిలో పనిచేసేవాడు కాదు, కానీ రోజూ వచ్చేవాడు. రికార్డు సెక్షన్ సూపరింటెండెంటు. ఆయన ఫైళ్లు వరండా దాటి మెట్ల కిందకి కూడా వచ్చేశాయి. మా షెడ్డు దక్కితే రాక్‌లు వేయించుకుందామని ఆయన ఆశ. రోజూ పొద్దున్నే జేబులోంచి టేపు తీసి మా గోడలు కొలిచేవాడు. నిన్న పద్దెనిమిది అడుగులున్న గోడ ఇవాళ ఎందుకు పెరుగుతుందో ఆయనకే తెలియాలి. నేను లాకు గేటుకి రంగేస్తుంటే నా వీపు వెనకనుంచి టేపు జర్రున లాగేవాడు. అది విన్నప్పుడల్లా నాకు దర్జీ శవానికి కొలతలు తీస్తున్నట్టుండేది.

ఆయన ఆశకీ కారణం ఉంది. ఎగ్జిబిషన్లలో టీవీ తెరలు వచ్చేశాయి. కంప్యూటర్‌లో బ్యారేజీ గుండ్రంగా తిరుగుతుంటే మా రంపపు పొట్టు గడ్డిని ఎవరు చూస్తారు? నాకు రిటైర్మెంట్ ఇంకా పధ్నాలుగు నెలలు ఉంది. గది పోతే నన్ను డిస్పాచ్‌లో కూర్చోబెట్టి కవర్లు అంటించమంటారు, అంతే. మేస్త్రీ సంగతి అలా కాదు. ఆయన ఇరవై ఏళ్లుగా దినసరి మనిషి. గది ఉంటేనే ఆయన ఉన్నట్టు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. సూపరింటెండెంటు టేపు తీసినప్పుడు మాత్రం గోడ మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు.

అలాంటి రోజుల్లో కొత్తగా వచ్చిన మా పెద్దసారు మీటింగ్ పెట్టారు. హైదరాబాదు నుంచి కాదు, ఢిల్లీ నుంచి కాదు, మన దగ్గరే పెద్ద హోదాలో ఉన్న ఒక మేడమ్ ఎగ్జిబిషన్ ప్రారంభించడానికి వస్తున్నారట. ఆవిడకి తూములంటే విసుగట. "పాత రోజుల్లో బందరు రేవుకి తెరచాప ఓడలు వచ్చేవి కదా, అలాంటిది ఒకటి చెక్కతో చేస్తే బాగుంటుంది. మీరు ఓడలెప్పుడైనా చేశారా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు సూపరింటెండెంటు అందుకున్నాడు. "వాళ్లకి తూములు తప్ప ఏమొచ్చండీ? ఓడంటే మాటలా?"

ఆ ముక్క ఆయన అనకపోయి ఉంటే నేను నిజమే చెప్పేవాణ్ని. "ఓడలా సార్? నాకు వెన్నతో పెట్టిన విద్య!" అన్నాను. నేను చల్లపల్లి దగ్గర రైతుబిడ్డని. చిన్నప్పుడు పంటకాలువలో కాగితం పడవ వేశాను, అదీ మునిగింది. నా భార్య నా గురించి ఒకటే మాట అంటుంది: "ఆయనకి నోరు ముందు పుట్టింది, మిగతా మనిషి తర్వాత పుట్టాడు."

పెద్దసారు సంతోషించి నెల రోజులు గడువిచ్చారు. లేస్తూ లేస్తూ, "ఇది బాగా వస్తే గది గురించి మేడమ్‌తో నేనే మాట్లాడతాను. రాకపోతే రాక్‌లు వేసుకుంటారు" అన్నారు. మేస్త్రీకి ఈ సంగతి చెబితే, "ఓడకి తలుపులుంటాయా గురువుగారూ?" అని అడిగాడు. ఉండవన్నాను. ఆయన ముఖం ఇంకా చిన్నబోయింది.

ఇక్కడ కొంచెం పని గురించి చెప్పాలి, విసుక్కోకండి. చెక్క ఓడ చేయాలంటే ముందు నిడివిగా ఒక వెన్ను చెక్క, దానికి అడ్డంగా చేప ముళ్లలాగా పక్కటెముకలు. అక్కడిదాకా మాకు బాగానే వచ్చింది. మూడున్నర అడుగుల అస్థిపంజరం టేబుల్ మీద నిలబడితే ఆఫీసు ఆఫీసంతా వచ్చి చూసిపోయింది. అసలు కష్టమంతా ఆ ఎముకల మీద చర్మం కప్పడంలో ఉంది. వేలెడు వెడల్పు సన్నటి చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ముక్కు నుంచి తోక దాకా వంచుతూ అతికించాలి. చెక్కకి వంగడం ఇష్టం ఉండదు. వంచితే విరుగుతుంది, వదిలితే లేచి చెంప మీద కొడుతుంది. మొదటి రోజు నాలుగు పట్టీలు విరిగాయి, మేస్త్రీకి రెండు చెంపలూ వాచాయి.

"ఆవిరి పెట్టండి సార్, మెత్తబడతది" అంది అటెండరమ్మ. మర్నాడు వాళ్లింట్లో పెద్ద ఇడ్లీ పాత్ర పట్టుకొచ్చింది. మూత వాలుగా పెట్టి, సందులోంచి పట్టీలు దూర్చి, హీటర్ మీద పెట్టాం. అరగంటకి టేకు చెక్క మంచి వాసనతో మెత్తగా వచ్చింది. ఆ ఆవిరి చూసి ఎకౌంట్సు గుమాస్తాలిద్దరు ప్లేట్లు పట్టుకుని వచ్చారు. టిఫిన్ కాదు ఓడ అంటే నమ్మలేదు. మూత తీసి చూపిస్తే, "చట్నీ ఉందా?" అని అడిగి వెళ్లారు.

అతికించిన పట్టీ ఆరేదాకా పట్టి ఉంచడానికి క్లిప్పులు కావాలి. బట్టలు ఆరేసే క్లిప్పులు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మా ఇంట్లోవన్నీ ఒక సంచిలో వేసుకొచ్చాను. సాయంత్రం ఇంటికెళ్తే నా భార్య గుమ్మంలోనే ఉంది.

"క్లిప్పులేవండీ?"

"ఓడకి పెట్టాను."

"బాగుంది. మీ ఓడకి క్లిప్పులు పెట్టారు, నా చీర తెరచాపలా ఎగిరిపోయి ఎదురింటి బాల్కనీలో దిగింది. వెళ్లి తెండి."

వెళ్లి తెచ్చాను. ఎదురింటాయన చీర మడతపెట్టి ఇస్తూ, "ఓడ ఎప్పుడండీ బయల్దేరేది?" అన్నాడు. అప్పటికే వీధి వీధంతా తెలిసిపోయింది.

అసలు తప్పు మూడో వారంలో జరిగింది. సోమవారం చూడటానికి వస్తానని పెద్దసారు కబురు పెట్టారు. అప్పటికి రెండువైపులా కలిపి ఐదారు పట్టీలే పడ్డాయి. నేనూ మేస్త్రీ ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్ల అలవాటు అది, రాకేం చేస్తుంది? గాజు పెట్టె గోడకే ఆనించి పెడతారు. చూసేవైపు ముందు పూర్తి చేసేద్దాం, గోడవైపు తర్వాత చూసుకోవచ్చు.

అటెండరమ్మ టీ గ్లాసులు పెడుతూ ఆగిపోయింది. "ఒక పక్కే వేస్తారేందండీ? ఈ పక్కొకటి వేస్తే ఆ పక్కొకటి వెయ్యాల. మా నాన్న ఎప్పుడూ జోడీగానే వేసుకొస్తాడు. ఎడ్లలాగా అండీ. ఒకటే కడితే బండి పక్కకి లాగదా?"

"మీ నాన్న కట్టేది పడవమ్మా. ఇది మోడల్" అన్నాను.

నా సర్వీసులో నేనన్న తెలివితక్కువ మాటల్లో దీనికి మొదటి స్థానం ఇస్తాను. ఆమె గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది.

శని, ఆదివారాలు కూర్చుని చూసేవైపు మొత్తం కప్పేశాం. ఎంత ముచ్చటగా వచ్చిందంటే, మేస్త్రీ ఒక్క చోట కూడా లప్పం పెట్టలేదు. సోమవారం పొద్దున్నే తాళం తీసి చూస్తే ఓడ ముక్కు మా వైపు తిరిగి ఉంది. ముందు రోజు గోడ వెంట తిన్నగా ఉన్న ముక్కు! ఆవిరి పట్టిన చెక్క తడి ఆరుతూ బిగుసుకుని, వెన్ను చెక్కని తనవైపు లాగేసింది. అవతలవైపు లాగేందుకు ఏమీ లేదు. మూడున్నర అడుగుల ఓడ అరటికాయలా వంగి కూర్చుంది.

"నమస్కారం పెడుతున్నట్టుంది గురువుగారూ" అన్నాడు మేస్త్రీ.

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. పెద్దసారు పదింటికి వచ్చారు. వంపు మావైపే ఉంది కాబట్టి, ఎదురుగా నిలబడితే ఓడ మనకేసి వస్తున్నట్టు కనిపిస్తోంది. "అబ్బ, ఎంత జీవం ఉందండీ!" అన్నారాయన. పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు మాత్రం మెల్లిగా వెనక్కి వెళ్లి, టేపు తీసి, ముక్కు నుంచి గోడకీ తోక నుంచి గోడకీ కొలిచాడు. ముప్పై ఏళ్లలో మా మోడల్ వెనకవైపు చూసిన మొదటి మనిషి ఆయనే. టేపు జేబులో వేసుకుని, నాకేసి చూసి నవ్వాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అవతలవైపు పట్టీలు వేస్తే తిన్నబడుతుందేమోనని ఆశపడ్డాం. వేశాం. వంపు అలాగే ఉంది. రెండువైపులా చర్మం కప్పుకుని ఇంకా గట్టిపడింది. బరువులు కట్టాం, తాళ్లతో లాగాం. చివరికి మేస్త్రీ దాని మీద కూర్చుందామా అన్నాడు, నేను ఆపాను. ఇంక సిగ్గు విడిచి అటెండరమ్మని అడిగాను. "మీ నాన్నగారు ఒకసారి వస్తారా అమ్మా?"

"వస్తాడండీ. టీ మాత్రం ఎక్కువ తాగుతాడు" అంది.

ఆయన మర్నాడే బస్సులో వచ్చాడు. ఎండకి కాగిన మనిషి, డెబ్భై దాటి ఉంటాయి, చేతిలో ఒక గుడ్డ మూట. రెండు టీలు తాగాడు. తర్వాత ఓడ తోక దగ్గర కూర్చుని, ఒక కన్ను మూసి, ముక్కుదాకా చూశాడు. బొటనవేలు పట్టీల మీదుగా జరిపాడు. ఒక్కసారిగా పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"ఏంది బాబూ ఇది? అత్తారింటికి పోనని మూతి తిప్పుకున్న పెళ్లికూతురల్లే ఉంది. ఇది ఏడకీ పోదు. ఎంత తోసినా తిరిగి రేవుకే వస్తది."

"సరిచేయొచ్చా పెద్దాయనా?"

"పగలగొట్టి మొదటినించీ వెయ్యాల."

ఎగ్జిబిషన్ మూడు రోజుల్లో ఉంది. మేస్త్రీ గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. పెద్దాయన ఆయనకేసి ఒకసారి, కూతురికేసి ఒకసారి చూశాడు. మూట విప్పి నూలు పీచు, గుగ్గిలం ముద్ద, చిన్న ఉలి తీశాడు. పట్టీల మధ్య సందుల్లో నూలు కూరి, నూనెలో గుగ్గిలం కాచి పూయడం మొదలుపెట్టాడు.

"ఇది గాజు పెట్టెలో పెట్టే ఓడండీ. నీళ్లలోకి దిగదు" అన్నాను.

"మా ఇళ్లల్లో నీళ్లాపని పడవని చేతిలోంచి పోనియ్యం బాబూ. ఇది వంకరది కావచ్చు, నీళ్లు మాత్రం రాకూడదు" అన్నాడు, తల ఎత్తకుండా. సాయంత్రం దాకా కూర్చుని రెండువైపులా పూశాడు, గోడవైపు కూడా. ఐదు టీలు తాగి ఆఖరి బస్సుకి వెళ్లిపోయాడు. నేనూ మేస్త్రీ చాటుగా నవ్వుకున్నాం. గాజు పెట్టెలో ఉండే ఓడకి తడి కారకుండా మందట! తర్వాత మూడు తెరచాపలు కట్టాం. చూసేవైపు పాలిష్ కొట్టాం. గోడవైపు ఎలాగూ ఎవరూ చూడరు కాబట్టి అలాగే వదిలేశాం.

ఎగ్జిబిషన్ రోజు మా స్టాల్ ముందు జనం బాగానే ఉన్నారు. గాజు పెట్టెలో ఓడ అందరికేసి వస్తున్నట్టు నిలబడింది. మేడమ్ వచ్చారు. నూలు చీర, కళ్లజోడు, చేతిలో చిన్న నోట్‌బుక్. ఎవరు ఏం చెప్పినా వింటున్నారు, దేనికీ తల ఊపడం లేదు. అలాంటివాళ్లంటే నాకు భయం. ఓడ ముందు ఆగారు. పెద్దసారు నన్ను ముందుకు తోశారు.

"మీరేనా చేసింది? ఇది తేలుతుందా?"

మామూలు మనిషైతే "ఇది మోడల్ మేడమ్" అని ఊరుకుంటాడు. నా నోరు సంగతి మీకు తెలుసు కదా. "ఎంచక్కా తేలుతుందండీ" అంది అది.

"అయితే చూద్దాం రండి."

గుమ్మం ముందు గుండ్రటి నీళ్ల తొట్టి ఉంది, ఫౌంటెన్ కోసం కట్టింది. ఫౌంటెన్ ఎప్పుడూ పనిచేయలేదు గానీ నీళ్లు నిండుగా ఉన్నాయి. గాజు పెట్టె తెరిచారు. మేస్త్రీ, నేనూ చెరో వైపు పట్టుకుని నడుస్తున్నాం. పాడె మోస్తున్నట్టు ఉందని నేననుకుంటుంటే, "గురువుగారూ, నాకు పాడె మోస్తున్నట్టుంది" అన్నాడాయన. వెనకాల సూపరింటెండెంటు వస్తున్నాడు. ఇవాళ టేపు తేలేదు. ఇక కొలవాల్సిన అవసరం లేదనుకున్నాడేమో.

నీళ్లలో పెట్టాం. తేలింది! ఒక్క చుక్క నీళ్లు లోపలికి రాలేదు. నేను లోపల్లోపలే ఆ పెద్దాయన కాళ్లకి మొక్కాను. మేడమ్ వంగి, తోక దగ్గర చేత్తో మెల్లిగా తోశారు. ఓడ రెండు అడుగులు తిన్నగా వెళ్లింది. తర్వాత మెల్లిగా పక్కకి తిరగడం మొదలుపెట్టింది. తొట్టి అంచు పక్కనే, గుండ్రంగా, ఎంతో మర్యాదగా చుట్టు తిరిగి, వచ్చి మేడమ్ చేతి దగ్గరే ఆగింది.

 సూపరింటెండెంటు అలవాటు కొద్దీ టేపు కోసం ఖాళీ జేబు తడుముకున్నాడు.

మేడమ్ మళ్లీ తోశారు. మళ్లీ చుట్టు తిరిగి వచ్చింది. మూడోసారి గట్టిగా తోశారు. ఇంకా తొందరగా వచ్చింది. అప్పుడావిడ నవ్వారు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. "తిరిగి వచ్చే ఓడ! ఎలా చేశారండీ ఇది?"

పెద్దసారు నాకేసి, నేను మేస్త్రీకేసి, మేస్త్రీ ఆకాశంకేసి చూశాం. "అదొక ప్రత్యేకమైన పద్ధతి మేడమ్" అన్నాను. అటెండరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దసారు ఇదే సమయమని గది మాట చెవిన వేస్తే ఆవిడ అన్నారు, "దీన్ని నేను తీసుకెళ్తాను. ఆఫీసులో పెట్టుకుంటాను. ఇలాంటిదే ఇంకొకటి చేసి నాకు పంపండి, అదీ తిరిగి రావాలి సుమా. అది చూసి మీ గది సంగతి రాతపూర్వకంగా ఇస్తాను." ఓడ కారెక్కి వెళ్లిపోయింది. గది ఇంకా గాలిలోనే ఉంది.

ఇప్పుడు మీకు నవ్వొచ్చే ముక్క చెబుతాను. తప్పు చేయడం మాకు చేతకాలేదు. రెండో ఓడకి కావాలనే చూసేవైపు ముందు కప్పాం. వంగలేదు. మరింత తడిపి వేశాం, రాత్రంతా వదిలేశాం. పొద్దున్న చూస్తే స్కేలులా తిన్నగా ఉంది. ఊడదీసి మళ్లీ వేశాం. అటువైపు వంగాల్సింది ఇటువైపు వంగి, మధ్యాహ్నానికి తిన్నబడింది. ఇడ్లీ పాత్ర మార్చాం, క్లిప్పులు మార్చాం, మళ్లీ నా భార్య చీర ఎగిరింది. పాతిక రోజులు పోయాయి. చివరికి అటెండరమ్మ, "పోనీ సార్, సరిగ్గానే చేసెయ్యండి. జోడీగా వేద్దాం" అంది. ఈసారి ఆమె చెబుతుంటే మేం వేశాం. ఈ పక్కొకటి, ఆ పక్కొకటి. నేను నా జీవితంలో రెండువైపులా పాలిష్ కొట్టిన మొదటి వస్తువు అది. చూస్తుంటే నాకు కన్నీళ్లు వచ్చాయి. దుమ్ము పడిందని మేస్త్రీకి అబద్ధం చెప్పాను. ఆయన కళ్లలో కూడా దుమ్మే పడిందట.

నీళ్లకి ఆగుతుందో లేదో పెద్దాయన చూడాలి కదా. ముగ్గురం దాన్ని దుప్పటిలో చుట్టి బస్సులో ఆయన ఊరు పట్టుకెళ్లాం. కండక్టర్ దానికి హాఫ్ టికెట్ కొట్టాలా వద్దా అని కూచిపూడి దాకా వాదించాడు. పెద్దాయన నూలు కూరి, గుగ్గిలం పూసి, ఊరి పక్క పాయలో దించాడు. ఒక కన్ను మూసి తోక నుంచి ముక్కుదాకా చూశాడు. నవ్వలేదు. మెల్లిగా తోశాడు.

అది తిన్నగా వెళ్లింది. ఇంకా వెళ్లింది. సముద్రం వెనక్కి లాగే వేళట. ఆ సంగతి మాకేం తెలుసు? గాలి కూడా తెరచాపలకి అందింది. "తాడు కట్టలేదా?" అని అరిచాను. ఎవరు కడతారు, మొదటి ఓడ తిరిగొచ్చింది కదా! నేనూ మేస్త్రీ గట్టు వెంట పరిగెత్తాం. నా చెప్పు బురదలో ఉండిపోయింది. మేస్త్రీ ఒక చోట కాలు జారి నడుం దాకా దిగబడ్డాడు. ఓడ మడ చెట్ల మలుపు దాటి, తెరచాప ఒక్కటే తెల్లగా కనిపించి, అదీ కనిపించలేదు.

పెద్దాయన గట్టు మీద నుంచి అరిచాడు. "మంచి ఓడ బాబూ! చూడు ఎంత చక్కగా పోయిందో!"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేస్త్రీ బురదలోంచి, "ఇక రాక్‌లే గురువుగారూ" అన్నాడు. ఇరవై ఏళ్లలో గది పోతుందన్న మాట ఆయన నోటి వెంట వినడం అదే మొదలు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆఫీసుకి వెళ్లి, మేడమ్‌కి ఒక లేఖ రాశాను. ఉద్యోగంలో వందల లేఖలు రాసి ఉంటాను. నిజం మొత్తం రాసింది ఇదొక్కటే. నాకు ఓడలు రావనీ, మొదటి ఓడ తిరిగి రావడం ప్రత్యేక పద్ధతి కాదు, ఒకవైపే కప్పడం వల్ల వచ్చిన వంకర అనీ, వద్దని మా అటెండరమ్మ ముందే చెప్పినా నేను వినలేదనీ రాశాను. "రెండవ ఓడను సరిగా చేసితిమి. అందువలన అది వెళ్లిపోయినది. కావున పంపలేకపోవుచున్నాము" అని ముగించాను. సంతకం పెట్టి డిస్పాచ్‌లో ఇస్తే, అక్కడి అబ్బాయి చదివి, "సార్, ఇది నిజంగా పంపాలా?" అన్నాడు. పంపమన్నాను.

పది రోజులు ఏమీ రాలేదు. పదకొండో రోజు సూపరింటెండెంటు ఇద్దరు కూలీల చేత రాక్‌లు మా షెడ్డు గుమ్మం దాకా తెప్పించాడు. మేస్త్రీ తన ఉలులు ఒక్కొక్కటిగా గుడ్డలో చుట్టుకుంటున్నాడు. అప్పుడే సందులోకి ఒక జీపు వచ్చింది. డ్రైవరు వెనక తలుపు తీసి పెద్ద గాజు పెట్టె దించాడు. మూతి తిప్పుకుని, వంకరగా, మా ఓడ.

"తిరిగి రేవుకే వస్తదని మా నాన్న చెప్పాడు గదండీ" అంది అటెండరమ్మ.

పెట్టెకి ఒక కవరు అంటించి ఉంది. అందులో టైపు చేసిన ఉత్తర్వు: మోడల్ గదిని యథాతథంగా కొనసాగించాలని, వడ్రంగిని పర్మినెంట్ చేయడానికి ప్రతిపాదన పంపాలని. దాని కింద పెన్నుతో నాలుగు ముక్కలు ఉన్నాయి. మేడమ్ చేతిరాత. "ఈ ఓడ మీ గదిలోనే ఉండాలి. కొత్తగా చేరేవాళ్లందరికీ చూపించండి. గోడవైపు ముందుకి తిప్పి పెట్టండి."

మేస్త్రీ చదవమన్నాడు. చదివాను. మళ్లీ చదవమన్నాడు. అప్పుడు ఉలుల మూట విప్పి ఒక్కొక్కటీ తిరిగి గోడకి తగిలించాడు.

నలుగురం కలిసి పెట్టెని టేబుల్ మీదకెక్కించాం. నాలుగో చెయ్యి సూపరింటెండెంటుది. ఏమనుకుని వేశాడో ఇప్పటికీ నాకు తెలియదు. పాలిష్ కొట్టిన వైపు గోడకి తిప్పాం. పచ్చి చెక్క, చిందిన జిగురు, మధ్యలో ఊడిరాకుండా ఇరుక్కుపోయిన నా భార్య క్లిప్పు ఒకటి, దాని చుట్టూ పెద్దాయన నున్నగా పూసిన గుగ్గిలం, అన్నీ గుమ్మంలోంచే కనిపించాయి.

"లప్పం పెట్టమంటారా గురువుగారూ?" అన్నాడు మేస్త్రీ, అలవాటు కొద్దీ.

వద్దన్నాను. అటెండరమ్మ ఐదు గ్లాసులు టీ తెచ్చింది. నలుగురమే ఉన్నాం కదా అంటే, ఒకటి వాళ్ల నాన్నదంది. అదీ నేనే తాగాను.